కూరగాయల్లో మందు ఉందో లేదో చెప్పే పావుగంట పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

కూరగాయలు సేకరించే చోట, కొన్ని రకాల పురుగుమందులు ఉన్నాయో లేదో రంగుతో చెప్పే కాగితపు పట్టీలు (వీటినే కార్డులనీ అంటారు) వాడుతుంటాను. రైతులు, దుకాణదారులు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలే ఇవి. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబు సరిపోతుంది, కొన్నిటికి సరిపోదు.

ఈ టెస్ట్ అసలు దేన్ని చూస్తుంది?

మందును కాదు, మందు చేసే పనిని చూస్తుంది. నరాల్లో కబురు ఒక కణం నుంచి ఇంకో కణానికి చేరవేసేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం. కబురు అందగానే దాన్ని విరగ్గొట్టి ఊడ్చేసే ఎంజైమ్ ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ రకం పురుగుమందులు ఈ ఎంజైమ్‌ను పట్టేసి పని చెయ్యనివ్వవు. పురుగుకైనా మనిషికైనా జరిగేది అదే. గాలికి ఎదురు నిలబడి మోనో (మోనోక్రోటోఫాస్) కొట్టిన మనిషికి చొంగ కారుతుంది, చూపు మసకబారుతుంది, ఒళ్ళంతా చెమటలు పోస్తాయి. ఊళ్ళో 'మందు పట్టేసింది' అంటారు. అలాంటి మనిషిని ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తంలో కోలినెస్టరేజ్ ఎంత పడిపోయిందో చూస్తారు. కూరగాయల పట్టీ చేసేదీ ఇంచుమించు అదే, కాకపోతే కాగితం మీద ఆరబెట్టిన ఎంజైమ్‌తో.

నీలం వస్తే మంచిదా, తెలుపు వస్తే మంచిదా?

నీలం వస్తే మంచిది. ఎక్కువగా దొరికే కార్డుల్లో రెండు బిళ్ళలు ఉంటాయి. తెల్లదాంట్లో ఎంజైమ్, ఎర్రదాంట్లో ఆ ఎంజైమ్ విరగ్గొట్టాల్సిన పదార్థం. ఎంజైమ్ బాగుంటే ఎర్ర బిళ్ళలోని పదార్థం విరిగి తెల్ల బిళ్ళ నీలంగా మారుతుంది. మందు ఎంజైమ్‌ను పట్టేసి ఉంటే రంగు రాదు, బిళ్ళ తెల్లగానే ఉండిపోతుంది. లేత నీలం వస్తే ఎంతో కొంత ఉందని అర్థం, మళ్ళీ చెయ్యాలి. కొత్తగా చేసేవాళ్ళు తెలుపు చూసి 'క్లీన్' అనుకోవడం చాలాసార్లు చూశాను. అందుకే ఇది మొదట్లోనే చెప్తున్నాను.

అయితే నీలం వచ్చాక 'మందులు లేని కూరగాయలు' అని బోర్డు పెట్టుకోవచ్చా?

పెట్టకూడదు. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

పట్టీకి చిక్కేవి ఎంజైమ్‌ను అడ్డుకునే మందులు మాత్రమే. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, డైక్లోర్‌వాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్లు, కార్బోఫ్యూరాన్, కార్బరిల్, మిథోమిల్ లాంటి కార్బమేట్లు ఆ కోవలోవి. ఒకప్పుడు మన పొలాల్లో సింహభాగం ఇవే కాబట్టి పట్టీకి విలువ ఉండేది. ఇప్పుడు రైతు కొట్టే మందుల పేర్లు చూడండి. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్, ఫిప్రోనిల్, లాంబ్డా సైహలోథ్రిన్, సైపర్‌మెత్రిన్, ఇమామెక్టిన్, స్పైనోసాడ్, క్లోరాంట్రానిలిప్రోల్. వీటిలో ఒక్కటీ ఆ ఎంజైమ్ జోలికి పోదు. వంకాయను ఇమిడాక్లోప్రిడ్‌లో ముంచి తీసినా పట్టీ హాయిగా నీలం రంగు చూపిస్తుంది.

తెగుళ్ళ మందులదీ అదే కథ. ఇక్కడ పేరు చూసి మోసపోయే చోటు ఒకటుంది. కార్బెండజిమ్ పుట్టుక రీత్యా కార్బమేటే, మాంకోజెబ్ డైథయోకార్బమేట్. ఆ పేర్లు చూసి పట్టీ వీటినీ పడుతుందని కిట్లు అమ్మేవాళ్ళే కొందరు చెప్తారు. ఈ రెండూ కోలినెస్టరేజ్‌ను ఆపే మందులు కావు. కలుపు మందుల సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

కాబట్టి నీలం పట్టీ చెప్పేది ఇంతే: ఈ శాంపిల్‌లో ఈ పూట నరాల మీద పనిచేసే ఆ రెండు రకాల మందులు పెద్ద మోతాదులో కనబడలేదు. బోర్డు మీద రాయాలంటే ఇదే రాయాలి, ఎవరూ రాయరు.

'పెద్ద మోతాదు' అంటే ఎంత?

మందును బట్టి మారుతుంది. చైనా ప్రభుత్వం 2003లో ప్రమాణంగా ప్రకటించిన కార్డు పద్ధతిలో కార్బోఫ్యూరాన్ కిలోకు 0.5 మిల్లీగ్రాములు దాటితే కనబడుతుంది, ఎసిఫేట్ అయితే 3.5 ఉండాలి. మన దేశంలో ఏదైనా మందుకు ఒక పంట మీద ప్రత్యేకంగా పరిమితి పెట్టకపోతే మామూలుగా వర్తించేది కిలోకు 0.01 మిల్లీగ్రాము. ఆ లెక్కన కార్బోఫ్యూరాన్ పరిమితికి 50 రెట్లు ఉంటేగాని కార్డు నోరు విప్పదు. ఎసిఫేట్ 350 రెట్లు ఉండాలి.

మరి ఇంత మొద్దు పరీక్ష ఎందుకంటారా? నిన్న సాయంత్రం మందు కొట్టి ఈ ఉదయం కోసిన కాయలో మోతాదు సాధారణంగా ఆ స్థాయిలోనే ఉంటుంది. అలాంటి సరుకు బండి ఎక్కకుండా ఆపడానికి ఇది చాలు. జల్లెడలో పిండి నిలవదుగానీ రాళ్ళు నిలుస్తాయి.

ఎంఆర్ఎల్ అనే మాట తరచూ వింటాం. అది దాటితే విషమేనా?

కాదు. ఎంఆర్ఎల్ అంటే లేబుల్ మీద చెప్పినట్టు, చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు ఆగి కోస్తే పంటలో గరిష్ఠంగా మిగలగల అవశేషం. మన దేశంలో దాన్ని ఖరారు చేసేది ఆహార భద్రత, ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ. దాటిందంటే ఎవరో ఎక్కడో నియమం తప్పారని అర్థం. రోజూ జీవితాంతం తిన్నా ఫర్వాలేదని లెక్కగట్టే మోతాదు వేరే ఉంటుంది, దాన్ని మనిషి బరువును బట్టి చెప్తారు. టీవీ చర్చల్లో ఈ రెండూ కలిపేసి జనాన్ని టెన్షన్ పెడుతుంటారు.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టింది?

చాలా దేశాల్లో ముక్కలు ముక్కలుగా పుట్టింది. ఈ ఎంజైమ్ పనిని పసుపు రంగుతో కొలిచే ల్యాబ్ పద్ధతిని ఎల్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం 1961లో ప్రకటించింది. దాన్ని కూరగాయల మార్కెట్‌కు తీసుకొచ్చింది మాత్రం తైవాన్. అక్కడి వ్యవసాయ పరిశోధన సంస్థ 1980లలో ఈగల తలకాయల నుంచి తీసిన ఎంజైమ్‌తో పరీక్ష తయారుచేసి, హోల్‌సేల్ మార్కెట్లలోనూ రైతు సంఘాల దగ్గరా కేంద్రాలు పెట్టించింది. మన ఊళ్ళలో మందు కొట్టే పవర్ పంపును 'తైవాన్ పంపు' అంటాం. పంపు వచ్చినంత తేలిగ్గా పరీక్ష రాలేదు.

ఇంట్లో చేసుకోవచ్చా? ఎలా చెయ్యాలి?

చేసుకోవచ్చు. మీ కిట్‌లో ఇచ్చిన కాగితమే ప్రమాణం, కొలతలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. స్థూలంగా ఇలా ఉంటుంది. కూరగాయ మీది మట్టిని తుడవండి, కడగకండి. సెంటీమీటరు ముక్కలుగా కోసి 5 గ్రాములు సీసాలో వేసి, కిట్‌తో వచ్చిన బఫర్ ద్రవం 10 మిల్లీలీటర్లు పొయ్యండి. ఓ యాభై సార్లు కుదిపి రెండు నిమిషాలు వదిలెయ్యండి. పైన తేరిన ద్రవం రెండు మూడు చుక్కలు తెల్ల బిళ్ళ మీద వేసి 37 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచాలి. ఆ పది నిమిషాల్లో మందు ఉంటే ఎంజైమ్‌ను పట్టుకుంటుంది. తొందరపడి మధ్యలో ముగిస్తే ఉన్న మందు కూడా కనబడదు. తర్వాత కార్డు మడిచి మూడు నిమిషాలు వేళ్ళ మధ్య అదిమి పట్టుకుని తెరిచి చూడండి. ఒంటి వేడి దాదాపు 37 డిగ్రీలే కాబట్టి మెషీన్ లేనివాళ్ళు వేళ్ళతో నెట్టుకొచ్చేస్తారు.

పక్కనే ఇంకో కార్డు మీద కూరగాయ రసం లేకుండా ఉత్త బఫర్ చుక్కలు వేసి ఇదంతా చెయ్యాలి. దాన్ని బ్లాంక్ అంటారు. కార్డు ఖరీదు చూసుకుని అందరూ ఎగ్గొట్టేది దీన్నే.

బ్లాంక్ ఎందుకు, అదొక కార్డు దండగ కదా?

నేనూ అలాగే అనుకున్నాను. ఒక మే నెలలో కిట్ డబ్బాను బండి డిక్కీలో పెట్టుకుని మూడు ఊళ్ళు తిరిగాను. మధ్యాహ్నానికి టమాటా తెల్లగా వచ్చింది. సొరకాయ తెల్లగా వచ్చింది. ఒక పెద్దాయన దొండకాయలు కూడా తెల్లగానే వచ్చేసరికి 'ఈసారి ఒక్క చుక్క కొట్టలేదు బాబూ' అని ఆయన ఒట్టు వేస్తున్నా నేను నమ్మలేదు, సరుకు వెనక్కి పంపేశాను. సాయంత్రం అనుమానమొచ్చి తాగే నీళ్ళతో చేస్తే అదీ తెలుపే. డిక్కీ వేడికి ఎంజైమ్ చచ్చిపోయింది. చచ్చిన ఎంజైమ్‌కూ మందు పట్టిన ఎంజైమ్‌కూ తేడా కార్డుకు తెలియదు, రెండిటికీ తెలుపే చూపిస్తుంది. మర్నాడు ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి క్షమించమన్నాను. ఆయన మజ్జిగ ఇచ్చాడు గానీ ఆ వారం దొండకాయలు ఇవ్వలేదు.

కిట్‌ను ఫ్రిజ్‌లో పెట్టండి, పొలానికి తీసుకెళ్తే ఐస్ డబ్బాలో పెట్టుకోండి. రోజు మొదలుపెట్టేముందు ఒక బ్లాంక్, బ్యాచ్ మారినప్పుడల్లా ఒక బ్లాంక్. అది నీలం రాకపోతే ఆ రోజుకి దుకాణం కట్టెయ్యండి.

వెల్లుల్లి, కొత్తిమీర ప్రతిసారీ పాజిటివ్ వస్తున్నాయి. నిజంగానే అన్నిట్లో మందుందా?

ఉండొచ్చు, లేకపోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి, ముల్లంగి, కొత్తిమీర, పుట్టగొడుగులు, టమాటా వీటి రసాల్లో సహజంగానే ఎంజైమ్‌ను ఇబ్బందిపెట్టే పదార్థాలు ఉంటాయి. ముక్కలు కోస్తే అవి బయటికొచ్చి మందులా నటిస్తాయి. ఇలాంటివాటిని కొయ్యకుండా ఆకు, కాయ మొత్తంగా బఫర్‌లో ముంచి పైపై రసంతోనే చెయ్యాలి. ముదురు ఆకుకూరల్లో పచ్చదనం ఎక్కువై నీలాన్ని కప్పేస్తుంది, వాటికీ ఇదే మార్గం. అప్పటికీ పాజిటివ్ వస్తే ల్యాబ్‌కు పంపాలి తప్ప రైతు మీద కేకలెయ్యకూడదు.

దీనికి తిరగబడిన సమస్య ఇంకోటుంది. క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్, ట్రైజోఫాస్, మలాథియాన్ లాంటివి ఆర్గానోఫాస్ఫేట్లే అయినా ఉన్న రూపంలో ఎంజైమ్‌ను గట్టిగా పట్టవు. ఒంట్లోకి వెళ్ళాక కాలేయం వాటిని మార్చాకే అసలు విషమవుతాయి. సీసాలో కాలేయం ఉండదుగా. అందుకని తైవాన్ పద్ధతిలో ముందుగా బ్రోమిన్ నీళ్ళతో వాటిని ఆ రూపంలోకి మారుస్తారు. చవక కిట్లలో ఈ మెట్టు ఉండదు.

ఎన్ని కాయలు తీసి చూడాలి?

ఒక్క కాయ తీసి టెస్ట్ చేసి లోడంతా ఓకే అనెయ్యడం మనకు అలవాటు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ సంస్థ పద్ధతి ప్రకారం టమాటా, వంకాయ లాంటి మధ్యరకం కాయలు కనీసం పది, మొత్తం కిలో తగ్గకుండా తియ్యాలి. సొర, క్యాబేజీ లాంటి పెద్దవైతే కనీసం అయిదు, రెండు కిలోలు. అవీ పై బుట్టలోంచే కాదు, అడుగునున్న క్రేటులోంచీ తియ్యాలి. అన్నిటిలోంచి ముక్కలు కలిపి అందులోంచి 5 గ్రాములు తీసుకోండి.

ఎండు మిర్చికి పనికొస్తుందా?

నా మటుకు వద్దంటాను. ఎర్రరంగు, ఘాటు, నూనె, అన్నీ కలిసి రంగు చదవనివ్వవు. పైగా సుమారు నాలుగు కిలోల పండుమిర్చి ఎండితే కిలో అవుతుంది, తేమ పోయాక మిగిలిన మందు ఆ కిలోలో చిక్కబడుతుంది. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం, వరంగల్ తోటల మీద పడ్డప్పుడు రైతులు చేతికందిన మందల్లా కొట్టారు. అందులో చాలావరకు పట్టీకి చిక్కని రకాలే. యార్డులో ఎగుమతిదారు అడిగేది ల్యాబ్ రిపోర్టే. దానికి గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది.

2024లో హాంకాంగ్, సింగపూర్ మన మసాలా పొడుల్ని వెనక్కి తీయించినప్పుడు చాలామంది పట్టీ కొని పొడుల మీద ప్రయత్నించారు. అక్కడ గొడవ ఇథిలీన్ ఆక్సైడ్ గురించి. అది పొలంలో కొట్టే మందు కాదు, సరుకులో క్రిములు చావడానికి పట్టించే వాయువు. ఈ పట్టీకీ దానికీ సంబంధమే లేదు.

కోవిడ్ కిట్‌లా గీతలు పడే పట్టీలు కూడా వస్తున్నాయి. అవి మేలా?

అవి యాంటీబాడీతో పనిచేస్తాయి. ఒక్కో పట్టీ ఒక్కో మందును, మహా అయితే దాని దగ్గరి చుట్టాల్ని పడుతుంది. ఇమిడాక్లోప్రిడ్‌కు ఒకటి, కార్బెండజిమ్‌కు ఒకటి. సున్నితం ఎక్కువ. రైతు ఏ మందు కొట్టాడో తెలిసినప్పుడు భేషుగ్గా పనికొస్తాయి, ఏమీ తెలియనప్పుడు చీకట్లో బాణమే.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, చదివే తీరు కోవిడ్ కిట్‌కు సరిగ్గా తిరగేసి ఉంటుంది. రెండు గీతలు పడితే మందు లేదని, పై గీత ఒకటే పడితే ఉందని. అసలు పై గీత కూడా పడకపోతే పట్టీ పాడైందని.

ల్యాబ్‌లో మరి ఏం చేస్తారు?

కూరగాయను మెత్తగా రుబ్బి, అసిటోనైట్రైల్‌లోకి మందుల్ని దింపి, ఉప్పులతో నీళ్ళు విడదీసి శుభ్రం చేస్తారు. క్వెచర్స్ అనే ఈ పద్ధతి 2003లో వచ్చింది. ఆ ద్రవాన్ని ఎల్‌సీ-ఎంఎస్, జీసీ-ఎంఎస్ యంత్రాల్లోకి పంపితే వందల మందుల్ని పేరుతో సహా, కిలోకు 0.01 మిల్లీగ్రాము స్థాయిలో లెక్క చెప్తాయి. ఖర్చు శాంపిల్‌కు వేలల్లో, రిపోర్టుకు కొన్ని రోజులు. ఆకుకూర అన్ని రోజులు ఆగదు. రిపోర్టు వచ్చేసరికి పప్పులో పడి జీర్ణమైపోతుంది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం అవశేషాల కేంద్రం, మొక్కల ఆరోగ్యం చూసే కేంద్ర సంస్థ ఎన్‌ఐపీహెచ్ఎం ల్యాబ్ ఉన్నాయి. దేశమంతటా మార్కెట్ శాంపిళ్ళు తీసి చూసే కేంద్ర పథకం 2005-06 నుంచి నడుస్తోంది. ప్రైవేటు ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందా అని కాక, అవశేషాల పరీక్షకు ఉందా అని అడగండి. నీళ్ళ పరీక్షకు ఉన్న గుర్తింపు చూపించి అన్నిటికీ ఉన్నట్టు మాట్లాడేవాళ్ళున్నారు.

పాజిటివ్ వస్తే రైతు ఏం చెయ్యాలి?

కోత ఆపి రెండు మూడు రోజుల తర్వాత మళ్ళీ చూడాలి. అందుకే ఈ పరీక్ష మార్కెట్ గేటు దగ్గర కాకుండా చేలో, కోతకు ముందు రోజు జరగాలని పోట్లాడుతుంటాను. గేటు దగ్గర పాజిటివ్ వస్తే కోత కూలి, కిరాయి, కాయ అన్నీ పోయినట్టే. చేలో వస్తే పోయేది రెండు రోజులు.

చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. లేబుల్ మీద మందు కొట్టాక ఎన్నాళ్ళకు కొయ్యాలో రాసి ఉంటుంది. బెండకాయ రోజు విడిచి రోజు కొయ్యాల్సిందే, ఆగితే ముదిరి పీచు తేలుతుంది, సంచి కూడా ఎవరూ ముట్టరు. కాయ తొలిచే పురుగు ఆగదు, కోత ఆగదు, మధ్యలో మందు. మా దగ్గర కాస్త పనిచేసిన పద్ధతి ఏమిటంటే, కోత అయిన సాయంత్రమే కొట్టడం, కాపు మీదున్నప్పుడు తక్కువ రోజులు ఆగితే చాలని లేబుల్ చెప్పే మందులే వాడటం, తప్పనిసరై పెద్ద మందు కొడితే ఆ ఒక్క కోత వదులుకోవడం. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద 2005లోనే నిషేధించారు. ట్రైజోఫాస్, ఫోరేట్, డైక్లోర్‌వాస్‌ల అమ్మకం 2020 డిసెంబరు 31తో ఆగాల్సింది. పాత డబ్బా అటక మీద ఉంటే ఉండనీయకండి.

పట్టీలో పాజిటివ్ వచ్చిందని అమ్మినవాళ్ళ మీద కేసు పెట్టొచ్చా?

పట్టీ ఫలితం సాక్ష్యం కాదు, అనుమానం మాత్రమే. చట్టంలో కొనుగోలుదారుకు ఒక దారి ఉంది, ఎక్కువమందికి తెలియదు. 2006 నాటి ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్ ప్రకారం మీరు కొన్న సరుకును రుసుము కట్టి ఫుడ్ ఎనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. షరతు ఏమిటంటే, దీన్ని పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మేవాళ్ళకు చెప్పాలి. తప్పు తేలితే కట్టిన రుసుము వెనక్కి వస్తుంది. అదే చట్టం 18వ సెక్షన్ రైతును, పొలంలో ఉన్న పంటను తన పరిధిలోంచి తప్పించింది. కాబట్టి చట్టం ప్రశ్నించేది దుకాణాన్నే, చేనును కాదు.

కడిగితే పోతుందా?

పైన అంటుకున్నది చాలావరకు పోతుంది. 2017లో అమెరికాలో ఆపిల్ పళ్ళ మీద చేసిన ప్రయోగంలో వంటసోడా నీళ్ళలో 12 నుంచి 15 నిమిషాలు ఉంచితే పైనున్న రెండు మందులూ పోయాయి. తొక్కలోకి ఇంకినది మాత్రం పోలేదు. వేరు నుంచి, ఆకు నుంచి మొక్కంతా పాకే ఇమిడాక్లోప్రిడ్ లాంటివాటిని ఏ ఉప్పునీళ్ళూ తియ్యలేవు. ధారగా పారే నీళ్ళలో చేత్తో రుద్ది కడగడం, తీయదగ్గ తొక్క తీసెయ్యడం నేను ఇంట్లో చేసేది. కూరగాయలు కడగడానికని అమ్మే ఓజోన్ మెషీన్ కొనలేదు.

ఫోన్‌కు తగిలించి కాయకు గుచ్చితే అంకె చూపించే మీటర్లు?

అలా గుచ్చేవాటిలో చాలావరకు రసంలో కరెంటు ఎంత బాగా పారుతోందో చూసి నైట్రేట్ అంచనా వేస్తాయి. పురుగుమందు మీటర్ అని అమ్మితే నమ్మకండి.

కిట్ కొనేముందు ఏం అడగాలి?

ఏయే మందుల్ని ఎంత మోతాదు దగ్గర పడుతుందో రాసిన పట్టిక అడగండి. 'అన్ని పురుగుమందులూ' అని చెప్తే అక్కడే లేచి వచ్చెయ్యొచ్చు. ర్యాపిడ్ కిట్లను పరిశీలించి ఆమోదించే పథకం ఎఫ్ఎస్ఎస్ఏఐకి ఉంది, ఆ ఆమోదం ఉందా, ఏ సరుకుకు ఉందో చూపించమనండి. బ్లాంక్‌లకు అదనపు కార్డులు లెక్కేసుకుని కొనండి. ఎక్స్‌పైరీ తేదీ చూడండి. కొరియర్‌లో ఎన్ని రోజులు, ఐస్‌తో వస్తుందా లేదా కూడా అడగండి. వేసవిలో ఐస్ లేకుండా నాలుగు రోజులు లారీలో తిరిగొచ్చిన డబ్బా అయితే ముందు ఒక బ్లాంక్ చేసి, నీలం వచ్చాకే డబ్బులు కట్టండి.